ఇంజను కన్న ముందు కమాను

కిందటి విద్యా సంవత్సరము ముగియుటకు కొద్ది దినముల ముందు జరిగిన కార్యవర్గ సమావేశములో ఒక పెద్దమనిషి వేసిన ప్రశ్న మా చెవిని పడినది. "పరీక్ష ఫీజు కట్టుటకు గడువు అడుగుకొనే పిల్లలున్న చోట కారు పందెములేమిటండీ?" అని వారు అడిగారట. ఆ మాటలో ద్వేషము లేదు, వెటకారమూ లేదు. మా తండ్రులు అడిగినా అదే అడుగుతారు. కొందరు అడిగారు కూడ. అటువంటి ప్రశ్నకు వరండాలో గుసగుసలతో జవాబు చెప్పుట మర్యాద కాదు. అందుచేత ఈ వార్షిక సంచికలో కొంత చోటు అడిగి తీసుకొని, మేము చేసినదీ, చెడగొట్టినదీ, ఇకమీదట చేయదలచినదీ కార్యవర్గము వారికిని, తోటి విద్యార్థులకును విన్నవించుకొనుచున్నాము.

ముందుగా జరిగిన సంగతి. ఒక ప్రభుత్వ శాఖ వారు పనికిరానివని వేలము వేసిన బండ్లలో ఒక పాత జిప్సీని మన పూర్వ విద్యార్థి ఒకరు కొని కళాశాలకు ఇచ్చారు. దానిని బాగుచేసి, ఔత్సాహికుల కొరకు జరిపే ర్యాలీలో పాల్గొనవలెనని మేము ఆరుగురము ఆశపడ్డాము. కార్యవర్గము వారు 30,000 రూపాయలు మంజూరు చేశారు. ఆ సొమ్ముతో మేము మొట్టమొదట చేయించినది రంగు. తరువాత కొన్నది ముందు భాగమునకు రెండు పెద్ద దీపములు. వార్షికోత్సవము నాడు బండి తళతళలాడినది. అందరు దాని ప్రక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నారు. మిగిలిన కొద్ది డబ్బుతో క్రింది భాగపు పని ఎలాగో ఒకలాగ కానిచ్చాము. పైన పటారము, లోన లొటారము అను సామెత మా కొరకే పుట్టినదా అనిపించును.

మార్చి నెలలో ఒక ఆదివారము ఉదయము బండిని పరీక్షించుటకు కోరుకొండ నుండి గోకవరము మీదుగా రంపచోడవరము వైపు బయలుదేరాము. అక్కడి నుండి మారేడుమిల్లి ఘాట్ రోడ్డు ఎక్కవలెనని మా ఊహ. గోకవరము దాటిన తరువాత ఒక కల్వర్టు దగ్గర బండి గుంతలో దిగి లేచినది. లేచిన తరువాత స్టీరింగు తిన్నగా ఉన్నను బండి తిన్నగా పోలేదు. వెనుక భాగము ఒక ప్రక్కకు, ముందు భాగము మరొక ప్రక్కకు లాగుకొని పోయినది. నడుపుచున్నవారు మా ల్యాబ్ అసిస్టెంటు గారు. వేగము 30 కిలోమీటర్లకు మించి లేదు. రోడ్డు ప్రక్కన ఉన్నది జీడిమామిడి తోట. ఎవరికీ గీత కూడ పడలేదు. కాని ఆ గుంత ఘాట్ రోడ్డు మలుపులో వచ్చి ఉండినచో ఈ సంచికలో మా వ్యాసము బదులు మా ఫొటోలు అచ్చయ్యేవి.

దిగి చూడగా వెనుక ఇరుసు, ఎడమవైపు కమాను కట్ట మీద నుండి నాలుగు వ్రేళ్ళ వెడల్పు వెనుకకు జరిగి ఉన్నది. కట్ట మధ్యలో ఉండే సెంటరు బోల్టు తెగినది. అది ఎందుకు తెగినదో ఆనాడు మాకు తెలియలేదు. సాయంత్రము రాజమహేంద్రవరము లారీ షెడ్ల నుండి పిలిపించిన ఉస్తాదుగారు వంగి చూసి, రెండు వ్రేళ్ళతో ఒక నట్టును త్రిప్పారు. అది తేలికగా తిరిగినది.

"ఈ యూ బోల్టులు పాతవేనా బాబూ?"

"పాతవే చాచా. మర బాగానే ఉన్నదని మళ్ళీ బిగించాము."

"మర బాగుంటే చాలదు. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగిపోతుంది. రెండోసారి ఎంత బిగించినా పట్టు నిలవదు. మీ అదృష్టం, ఇక్కడ తెగింది."

ఇరుసును కట్టకు అదిమిపట్టి ఉంచవలసినవి యూ బోల్టులు. సెంటరు బోల్టు పని గురుతు నిలుపుట మాత్రమే. యూ బోల్టులు వదులైనప్పుడు ఇరుసు లాగే బలమంతయు వ్రేలి లావు కూడ లేని ఆ బోల్టు మీద పడును. అది తెగకుండుట ఎట్లు? మేము రంగుకు పెట్టిన ఖర్చులో పదవ వంతు కూడ కాదు కొత్త యూ బోల్టుల వెల. తప్పు పూర్తిగా మాది. పొదుపు చేయరాని చోట పొదుపు చేశాము, చేయవలసిన చోట దుబారా చేశాము. ఆ తరువాత కార్యవర్గము వారు పని నిలుపు చేశారు. అది న్యాయమే. కాని నిలుపు చేసిన పనిని అటులే వదలివేయుట న్యాయము కాదని మా అభిప్రాయము. ఆ అభిప్రాయమునకు కారణములు చెప్పుటకే ఈ వ్యాసము.

కమాను అను మాటను గూర్చి ఒక్క ముక్క. ఇది ఫారసీ నుండి ఉర్దూలోనికి, అక్కడి నుండి తెలుగులోనికి వచ్చినది. మన ఉర్దూ విభాగపు మిత్రులకు చెప్పనక్కరలేదు, కమాన్ అనగా విల్లు. వంచిన ఉక్కు పట్టీలను ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టిన బండి స్ప్రింగును చూసి విల్లు అని పేరు పెట్టినవాడు ఎవరో గాని కన్నున్నవాడు. గోదావరి మీద 1997లో పూర్తియైన ఆర్చి వంతెన కూడ విల్లు, నారి కలిసిన రూపమే. బరువు మీద పడినప్పుడు వంగి, బరువు తొలగినప్పుడు తిరిగి లేచుట విల్లు గుణము. 1678లో రాబర్టు హుక్ ప్రకటించిన సూత్రమును మేము ఇంటర్మీడియేటులో కంఠస్థము చేశాము. లారీ షెడ్డులోని కుర్రవాడు దానిని చేతితో ఎరుగును.

మన ఎడ్లబండికి కమాను లేదు. ఫాల్గుణ మాసములో కోరుకొండ తీర్థమునకు లాగే రథమునకును లేదు. అది నడకకన్న మెల్లగా కదలును గనుక అక్కరలేదు. జట్కాబండికి ఉండేది. వేగము పెరిగిన కొలది కమాను కావలసి వచ్చినది. 1957 నుండి 2014 వరకు తయారైన అంబాసిడరు కారునకు ముందు భాగమున మెలికపడే కడ్డీలు, వెనుక భాగమున కమాను కట్టలు. 1985లో బజారుకు వచ్చిన జిప్సీకైతే నాలుగు చక్రములకును కమాను కట్టలే. మా బండి ఆ విధముగా జట్కాకు దగ్గరి చుట్టము. ఊరిలో ఏ లారీ షెడ్డులోనైన దాని పని తెలిసినవారు ఉండుట మా భాగ్యము.

ఇక పెద్దమనిషిగారి ప్రశ్న. ఇది ధనవంతుల ఆట కాదా? అవును, చాలమందికి అట్లే. మద్రాసుకు ఉత్తరమున షోలవరము పాత విమానాశ్రయపు బాట మీద 1950 తరువాతి దశాబ్దములలో జరిగిన కారు పందెములలో మహారాజులు, మిల్లు యజమానులు పాల్గొనుట అందరు ఎరిగినదే. 1980లో మొదలైన హిమాలయన్ ర్యాలీకి విదేశముల నుండి కంపెనీల బండ్లు దిగినవి. కాని ఇందుకు వేరొక చరిత్ర కూడ ఉన్నది. కెన్యా దేశములో కెరిచో పట్టణమున పుట్టిన పంజాబీ సంతతివాడు జోగీందర్ సింగ్ తండ్రిగారి గ్యారేజీలో పానాలు అందించి పెరిగినవాడు. అతడు 1965లో ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీని గెలిచినది ఒకరు వాడి వదలిన పాత వోల్వో కారుతో. ప్రక్కన కూర్చున్నది తమ్ముడు జస్వంత్. తరువాత 1974లోను, 1976లోను మిత్సుబిషి కారుతో గెలిచాడు. గెలుపుల కన్న మాకు ముఖ్యముగా తోచునది మరొకటి. అతడు 22 సార్లు సఫారీలో దిగి 19 సార్లు గమ్యము చేరాడు. వానకు కొట్టుకొనిపోయిన ఆ ఆఫ్రికా బాటల మీద బయలుదేరిన వారిలో చాలమంది సగము దారిలోనే ఆగిపోయేవారు. అతని బండ్లు ఇల్లు చేరుటకు అతని చేతులలోని మెకానిక్కు విద్య కారణము.

మేము దిగదలచినది సఫారీ వంటిది కాదు. ఔత్సాహికులకు మన దేశములో ముఖ్యముగా జరుగునది కాలము, వేగము, దూరము లెక్క మీద నడిచే ర్యాలీ. నిర్వాహకులు దారి పుస్తకము ఇస్తారు. ఏ భాగమును ఎంత సగటు వేగముతో దాటవలెనో చెబుతారు. ఆ వేగములు చట్టము అనుమతించిన మేరలోనే ఉండును. ఆలస్యముగా చేరితే శిక్ష, ముందుగా చేరినా శిక్ష. ఒకరు నడుపుదురు, ప్రక్కవారు గడియారము చూచి లెక్క కట్టుదురు. గణితము బాగుగా వచ్చిన విద్యార్థికి ఇందులో ఇంజను కన్న ఎక్కువ విలువ. గంటకు 35 కిలోమీటర్ల సగటు ఇచ్చినప్పుడు నున్నని రోడ్డు మీద ఎవరైనను నిలుపగలరు. గతుకుల మీద అదే వేగము నిలుపవలెనన్న చక్రము నేలను విడువరాదు. గాలిలో ఉన్న చక్రము మలుపు తిరుగదు, బ్రేకుకు ఆగదు. అందుచేతనే మా తగవంతా ఇంజనుతో కాక కమానుతో.

చట్టమును గూర్చి కార్యవర్గము వారికి అనుమానము ఉండవచ్చును. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము తయారీదారు నిర్దేశించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదు. 189వ సెక్షను ప్రకారము ప్రభుత్వపు వ్రాతపూర్వకమైన అనుమతి లేక బహిరంగ స్థలములలో వేగపు పందెములు ఆడరాదు. మేము బండిని ఎత్తు పెంచము, చక్రములు మార్చము. కంపెనీ నుండి వచ్చిన నాడు ఎట్లున్నదో అట్లు నిలుపుటయే మా పని. 1971లో ఏర్పడిన మోటారు క్రీడా సంఘముల సమాఖ్య గుర్తింపు ఉన్న పోటీలో తప్ప దిగము. ఈ రెండు మాటలు వ్రాసి సంతకము పెట్టుటకు ఆరుగురమును సిద్ధముగా ఉన్నాము.

ఇప్పుడు అసలు పని. బండి రెండు నెలలుగా వేపచెట్టు క్రింద నాలుగు చెక్క దిమ్మల మీద నిలిచి ఉన్నది. ఖాళీగా ఉండుట కన్న దానిని చదువుట మేలని, భౌతికశాస్త్ర విభాగమునకు చెందిన మా ఇద్దరు సహాధ్యాయినులు ఒక పరీక్ష చేశారు. బండిని దిమ్మల నుండి దింపి, వెనుక ఇరుసుకు సరిగ్గా పైన 50 కిలోల ఇసుక బస్తాలు రెండు పెట్టి, బండి అంచు నుండి నేలకు ఉన్న దూరమును రెండు ప్రక్కలను స్కేలుతో కొలిచారు. కుడి ప్రక్క రెండు సెంటీమీటర్ల లోపే దిగినది. ఎడమ ప్రక్క అంతకు 5 మిల్లీమీటర్లు ఎక్కువ దిగినది. బస్తాలు అటునిటు మార్చి మూడుసార్లు చూచినను అంతే. ఎడమ కట్ట విప్పగా మూడవ పట్టీ నడుమ విరిగి, త్రుప్పు అంటుకొని, పైకి ఏమియు తెలియకుండ కూర్చున్నది. ఆ విరిగిన పట్టీతోనే మేము ఘాట్ రోడ్డుకు బయలుదేరాము. మాలో నలుగురము బండి క్రింద పడుకొని చూచినను కనబడనిది చెట్టు నీడలో నిలబడిన ఇద్దరి స్కేలుకు కనబడినది.

మరి దీనిని తక్కువ ఖర్చులో ఎట్లు బాగుచేయుట? ఈ రెండు నెలలలో ఉస్తాదుగారి వద్ద కూర్చుండి, లైబ్రరీలోని ఆటోమొబైలు పుస్తకములను తిరుగవేసి మేము ఒక నిర్ణయమునకు వచ్చాము. కొత్త కమాను కట్టలు నాలుగు కొనుట మా శక్తికి మించినది, అవసరమూ లేదు. ఉక్కు పట్టీ మనిషి వలె ముసలిది కాదు. విరిగితే విరుగును, వాలితే వాలును, లేనిచో చాలకాలము పనిచేయును. ప్రతి కట్టను విప్పి, ఇనుప బ్రష్షుతో త్రుప్పు గీకి, ఒక్కొక్క పట్టీని పగులు ఉన్నదేమో పరీక్షించవలెను. ఇందుకు యంత్రము అక్కరలేదు. పట్టీని డీసెలుతో తడిపి, కొంతసేపు ఉంచి, పొడిగా తుడిచి, సుద్దపొడి రాచినచో పగులులో దాగిన నూనె కొద్ది నిమిషములలో సుద్ద మీదికి ఊరి సన్నని గీతగా కనబడును. గీత కనబడిన పట్టీని పారవేసి అదే మందము గల కొత్త పట్టీ వేయవలెను. దానిని వెల్డింగు చేయించుట మాత్రము పనికిరాదు. స్ప్రింగు ఉక్కుకు బలము వచ్చునది సుమారు 900 డిగ్రీల వేడిలో ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి, తిరిగి 450, 500 డిగ్రీల వద్ద కాచుటచేత. వెల్డింగు మంట తగిలిన చోట ఆ పదును పోవును. ఎత్తు తగ్గించుటకో పెంచుటకో గ్యాసు మంటతో స్ప్రింగును కాల్చి వంచే అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. అది పైకి పని అయినట్లు కనబడి లోపల ఉక్కును చంపుట.

వాలిన పట్టీలను చల్లగా ఉండగానే దిమ్మె మీద సుత్తితో కొట్టి వంపు ఎత్తించుట మన లారీ షెడ్లలో నిత్యము జరిగే పని. చవుక. కాని ఆ వంపు ఎక్కువ కాలము నిలువదు. సుత్తి దెబ్బ గాటు పడిన చోట పగులు మొదలగును. బొత్తిగా వాలిన రెండు పట్టీలను మాత్రము కొలిమి వద్ద సరియైన పదును పట్టించవలెనని, తక్కినవాటి జోలికి పోరాదని ఉస్తాదుగారి సలహా. ఎంత వంపు కావలెనో తెలియుటకు వారు చేసినది చూచి మేము సిగ్గుపడ్డాము. పట్టీ రెండు కొనలకు దారము లాగి కట్టి, మధ్యలో దారమునకు పట్టీకి ఉన్న ఎడమును అడుగుబద్దతో కొలిచి, నాలుగు కట్టలవీ గోడ మీద సుద్దతో వ్రాశారు. వ్రాసిన అంకెలలో ఎడమ వెనుకది వేరుగా ఉన్నది. ఇసుక బస్తాలు చెప్పినదే దారము చెప్పినది.

లారీలకు వలె ఇంకొక పట్టీ చేర్చి బలము పెంచుదామని మాలో ఒకరు వాదించారు. అది చూపునకు బాగుండును. కాని లెక్క వేసి చూడవలెను. తన బరువుకు 10 సెంటీమీటర్లు దిగే స్ప్రింగు మీద బండి సెకనుకు సుమారు ఒకటిన్నర సార్లు ఊగును. 25 సెంటీమీటర్లు దిగినచో ఒక్కసారి. మామూలు కార్లను ఈ రెండింటి నడుమ ఉండునట్లు తయారుచేయుదురు. స్ప్రింగు బిగువు రెట్టింపు చేసినచో ఊపు నలభై శాతము పెరుగును, చక్రము గుంతలోనికి దిగుటకు మారుగా గుంత మీదుగా ఎగురును. సరకు లేని లారీ గతుకుల మీద ఎట్లు గెంతునో చూడనివారు లేరు. అందుచేత పట్టీ చేర్చుట మానుకొన్నాము.

డబ్బు పెట్టవలసిన చోటు వేరే. మిగిలిన సొమ్ములో సగమునకు పైగా నాలుగు కొత్త షాక్ అబ్జార్బర్లకే కావలెను. కమాను దెబ్బను దాచుకొనును, దాచుకొన్నదానిని తిరిగి ఇచ్చివేయును. దానిని మ్రింగునది షాక్ అబ్జార్బరు. లోపలి నూనె సన్నని రంధ్రముల గుండా పోవుచు ఊపును వేడిగా మార్చును. ఈ సంగతి పుస్తకములో చదివిన మేము ఉస్తాదుగారి వద్ద దాని ఉపయోగము తెలుసుకొన్నాము. గతుకుల దారిలో పోయి వచ్చిన బండిని నిలిపి నాలుగింటిని చేతితో తాకి చూచెదరు. మూడు వేడిగా ఉండి ఒకటి చల్లగా ఉన్నచో ఆ చల్లనిది చచ్చినది. మా బండికి మార్చి నెలలో రెండు చల్లగా ఉండి ఉండవలెను. తాకి చూడవలెనని మాకు తెలియలేదు. ఇప్పుడు విప్పి చేతితో లాగి చూడగా ఆ రెండింటిలో నూనె బొత్తిగా లేదు. పాతవాటిలో నూనె నింపి ఇచ్చెదమను వారు ఉన్నారు గాని, ముద్ర పోయిన గొట్టములో నూనె ఎన్నాళ్ళు నిలుచును?

తక్కినవి చిన్న ఖర్చులు. రబ్బరు బుష్షులు అన్నియు కొత్తవి, యూ బోల్టులు 8, సెంటరు బోల్టులు 4. బిగించిన తరువాత కొద్ది దూరము నడిపి మరల బిగువు చూడవలెను. కట్టలను పట్టి ఉంచే బ్రాకెట్లు చాసిసుకు అతికిన చోట పగుళ్ళు ఉన్నవేమో చూడవలెను. అక్కడ మాత్రము వెల్డింగు చేయవచ్చును, తెలిసిన చేతితో. బుష్షుల విషయములో ఒక వినోదము జరిగినది. మేము తెప్పించిన పార్సెలు మూడు వారములు రాలేదు. విచారించగా అది విజయనగరము దగ్గరి కోరుకొండకు, సైనిక పాఠశాల ఉన్న ఊరికి, పోయి కూర్చున్నది. పేరు ప్రక్కన జిల్లా వ్రాయకపోవుట మా పొరపాటే.

ఇంతవరకు బండి సంగతి. ఇక కార్యవర్గము వారిని మేము కోరునది. మొదటి విన్నపము డబ్బు కాదు. కళాశాల వెనుక పాత సైకిలు స్టాండు రేకుల క్రింద ఖాళీగా ఉన్నది. దానిని పనిశాలగా వాడుకొనుటకు అనుమతి. ఇప్పుడు పని రాజమహేంద్రవరము షెడ్డులో జరిగినచో మా సహాధ్యాయినులు ఇద్దరును రాలేరు. వారి ఇండ్లలో పంపరు, ఆ ఇండ్లవారిని తప్పుపట్టుటకు మాకు నోరు రాదు. విరిగిన పట్టీని కనిపెట్టినవారే దానిని మార్చుట చూడలేకపోవుట ఏమి న్యాయము? పని కళాశాల ప్రాంగణములో జరిగినచో ఆ చిక్కు తీరును.

రెండవది కొంత చేదుగా ఉండవచ్చును. ఉస్తాదుగారికి ఇంతవరకు మేము ఇచ్చినది టీ, ఒక శాలువ. వార్షికోత్సవములో వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టాము. వారు ఒక పూట మా వద్దకు వచ్చినచో ఆ పూట షెడ్డులో కూలి పోవును. ఉర్దూలో గురువును ఉస్తాద్ అని అంటాము, సంగీతము నేర్పినవారిని కూడ అంటాము. లారీ క్రింద పడుకొని పని నేర్పేవారిని అదే మాటతో పిలిచి, జీతము దగ్గరకు వచ్చేసరికి పట్టా ఏదని అడుగుట మాకు పొసగదు. వారానికి రెండు పూటల చొప్పున నాలుగు నెలలు వారిని అతిథి అధ్యాపకులుగా పిలిచి, షెడ్డులో వచ్చే కూలికి తగ్గకుండ ఇవ్వవలెనని మా ప్రార్థన. నిబంధనలు ఒప్పుకొనవని కొందరు మిత్రులు హెచ్చరించారు. పట్టా లేని కవులను, గాయకులను కళాశాలలు పిలిచి గౌరవించుట మేము ఎరుగుదుము. ఉక్కుకు పదును పెట్టుట మాత్రము ఎట్లు తక్కువైనది?

మూడవది, మిగిలిన సొమ్మును దేనికి వాడవలెనో కార్యవర్గము వారే వ్రాసి ఇవ్వవలెను. మా చేతికి ఇచ్చిన మొదటి విడత ఏమైనదో పైన చెప్పాము. రంగునకు, దీపములకు ఇకమీదట ఒక్క రూపాయి కూడ ఖర్చు చేయరాదని వ్రాసినను మేము నొచ్చుకొనము. బండి ర్యాలీకి పోవుటకు ముందు ఉస్తాదుగారును, భౌతికశాస్త్ర విభాగపు అధ్యాపకులును ఇరువురు చూచి సంతకము చేసిన తరువాతనే గేటు దాటవలెనని కూడ నియమము పెట్టవచ్చును. ఆ నియమము మార్చి నెలలోనే ఉండి ఉండినచో మంచిది.

ఫీజు కట్టలేని పిల్లల సంగతి మేము మరువలేదు. మా ఆరుగురిలో ఇద్దరు వారే. వారిలో ఒకరు వేసవి సెలవులలో ఉస్తాదుగారి షెడ్డులో పనికి కుదిరి ఈ సంవత్సరపు ఫీజు తానే కట్టుకొన్నాడు. దీనిని వాదనగా చూపవద్దని అతడే మమ్ము కోరాడు గనుక అంతటితో విడుచుచున్నాము.

పై నెల కార్యవర్గ సమావేశమున్నదని తెలిసినది. ఈలోగా ఆరుగురమును తలా కొంత వేసుకొని 8 యూ బోల్టులు, 4 సెంటరు బోల్టులు కొన్నాము. పాత ఉర్దూ దినపత్రిక కాగితములో చుట్టి, పైన లెక్క వ్రాసి, భౌతికశాస్త్ర ప్రయోగశాల బీరువాలో రెండవ అరలో ఉంచాము. తాళము ల్యాబ్ అసిస్టెంటు గారి వద్ద ఉన్నది.